కోడ్ ఆఫ్ కండక్ట్ ఫైల్ పెడితే సరిపోతుందా? ముందు ఫిర్యాదు ఎవరికి చేరుతుందో తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: కొంతమంది కలిసి తెలుగు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను చదివే సాఫ్ట్‌వేర్) మీద ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) ప్రాజెక్టు నడుపుతున్నారు. అందరికంటే ఎక్కువ కోడ్ రాసే సీనియర్ ఒకాయన రివ్యూల్లో, అంటే ఇతరులు పంపిన కోడ్‌ను పరిశీలించేటప్పుడు, కొత్తవాళ్లను చెడామడా తిడుతున్నారు. ఇద్దరు అమ్మాయిలు, ఒక కుర్రాడు చెప్పాపెట్టకుండా మానేశారు. కోడ్ ఆఫ్ కండక్ట్ (ప్రవర్తనా నియమావళి) పెడదామంటే "ఇదంతా అమెరికా గోల, మనకెందుకు, పని చూసుకోండి" అంటున్నారాయన. ఆయన వెళ్లిపోతే ప్రాజెక్టు మూతపడుతుందని మీ భయం. పెట్టాలా వద్దా, పెడితే ఏమైనా మారుతుందా అని అడిగారు.

పెట్టండి. కానీ ఫైల్ పెట్టడం చివరి పని. ఫిర్యాదు వస్తే ఎవరు చదువుతారు? ఆ ఫిర్యాదు మీ సీనియర్ మీదే వస్తే ఎవరు నిర్ణయిస్తారు? ఈ రెండు ప్రశ్నలకూ పేర్లతో సహా జవాబు దొరికాకే ఫైల్‌ను రిపోలోకి (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటికి) ఎక్కించండి. ఆ జవాబు లేకుండా పెడితే మేలు కంటే కీడే ఎక్కువ. ఫైల్ చూసి, నమ్మి, ఒకమ్మాయి మెయిల్ రాస్తుంది. రెండు వారాలైనా ఉలుకూ పలుకూ ఉండదు. ఫైల్ లేకపోతే ఆమె మౌనంగా వెళ్లిపోయేది. ఇప్పుడు ఇంకో నలుగురికి చెప్పి మరీ వెళ్తుంది. చెప్పడంలో తప్పు కూడా లేదు.

నేను చాలా ఏళ్లుగా లోకలైజేషన్ (సాఫ్ట్‌వేర్‌ను మన భాషలోకి తేవడం), భాషా టూల్స్ ప్రాజెక్టుల్లో మెయింటెయినర్‌గా (ప్రాజెక్టు బాధ్యత చూసే మనిషిగా) ఉన్నాను. రెండు చోట్ల ఫిర్యాదులు చూసే బృందంలోనూ పనిచేశాను. అక్కడ చూసినవే చెబుతాను, పేర్లు మాత్రం చెప్పను.

ముందు టెంప్లేట్‌లో ఫిర్యాదు అడ్రస్ కోసం వదిలిన ఖాళీ చూడండి. ఇలాంటి నియమావళుల్లో బాగా వాడుకలో ఉన్నది కాంట్రిబ్యూటర్ కావెనెంట్. 2014లో కొరలైన్ ఎడా ఎమ్కీ రాశారు. దాని 2.1 వెర్షన్‌లో ఫిర్యాదు ఎక్కడ చేయాలో చెప్పే వాక్యం మధ్యలో, చదరపు బ్రాకెట్లలో, పెద్దక్షరాల్లో "ఇన్సర్ట్ కాంటాక్ట్ మెథడ్" అని ఉంటుంది. అక్కడ మీ మెయిల్ ఐడీ రాసుకోవాలి. కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్‌లో ఆ మాట వెతికి చూడండి, అలాగే వదిలేసిన ప్రాజెక్టులు బోలెడు కనిపిస్తాయి. ఎవరో టెంప్లేట్ కాపీ చేశారు, కమిట్ కొట్టారు (అంటే రిపోలో చేర్చారు), అక్కడితో సరి.

ఏ కొత్త ప్రాజెక్టులో చేరినా నేను మొదట చూసేది ఆ వాక్యమే. ఖాళీ నింపి ఉంటే, ఆ మెయిల్ ఒక్కరికే పోతుందా అని అడుగుతాను. ఒక్కరికే అంటే, ఆ ఒక్కరి మీదే ఫిర్యాదు వస్తే ఏం చేస్తారని అడుగుతాను. నీళ్లు నమలకుండా జవాబు చెప్పేవాళ్లు తక్కువ.

మీకైతే కనీసం ఇద్దరు కావాలి. ఇద్దరూ ఒకే కంపెనీవాళ్లో, ఒకే కాలేజీ బ్యాచ్‌వాళ్లో కాకుండా చూసుకోండి. ఒకరు ప్రాజెక్టుకు బయటి మనిషి అయితే ఇంకా మంచిది. కోడ్ రాయడం రాకపోయినా పర్వాలేదు, విన్నది కడుపులో దాచుకోగలిగితే చాలు. ఒకరు మహిళ అయితే బాగుంటుంది, అలాగని మొత్తం ఆమె నెత్తిన పెట్టేయకండి. ఈ పని మనిషిని లోపల్నుంచి అలసిపోయేలా చేస్తుంది. ఏడాదికోసారి మనుషుల్ని మార్చండి. ఇద్దరికీ చేరే గ్రూప్ అడ్రస్ ఒకటి పెట్టి, దాని కింద ఇద్దరి సొంత అడ్రస్‌లూ విడివిడిగా రాయండి. వాళ్లలో ఒకరి మీదే ఫిర్యాదు ఉంటే రెండోవారికి నేరుగా రాసుకునే దారి ఉండాలి.

ఇక "అమెరికా గోల" సంగతి. ఈ వాదనలోకి దిగి గెలవాల్సిన పని లేదు గానీ, అడిగారు కాబట్టి చెబుతాను. దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ షటిల్‌వర్త్ 2004లో ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టిన తొలిరోజుల నుంచీ దానికి ప్రవర్తనా నియమావళి ఉంది. ఉబుంటు సభ్యత్వం కావాలంటే లాంచ్‌ప్యాడ్ అనే సైట్‌లో ఆ నియమావళి మీద సంతకం చేయాలి. డెబియన్ అనే మరో లినక్స్ సిస్టమ్ డెవలపర్లు 2014లో ఓటింగ్ పెట్టి మరీ ఆమోదించుకున్నారు. మన దగ్గరికొస్తే, హైదరాబాద్‌లో జరిగిన పైకాన్ ఇండియా అనే పైథాన్ ప్రోగ్రామర్ల సదస్సుకు టికెట్ కొన్నవాళ్లకు నియమావళి ఉంది. తెలుగు వికీపీడియాలో అక్షరం దిద్దే ప్రతివాళ్లకూ వికీమీడియా ఫౌండేషన్ 2021లో ప్రకటించిన సార్వత్రిక నియమావళి వర్తిస్తుంది. మీ సీనియర్‌గారు తెవికీలో ఒక్క దిద్దుబాటు చేసినా దాని కిందకు వచ్చినట్టే.

ఇంకో సంగతి. కాంట్రిబ్యూటర్ కావెనెంట్ 2.1లో ఏయే కారణాలతో మనిషిని వేధించకూడదో చెప్పే జాబితాలో కులం కూడా చేరింది. అంతకుముందు వెర్షన్లలో లేదు. మన గ్రూపుల్లో ఇంటిపేరు అడిగి ఊరు అడిగి ఆగే సంభాషణలు మీరూ చూసే ఉంటారు. కాబట్టి ఫైల్ పెట్టేటప్పుడు పాత వెర్షన్ కాపీ చేయకండి.

ఆ జాబితాకు మీ సొంత లైన్ ఒకటి కలపండి: యాస, ప్రాంతం. నేను పనిచేసిన ఒక అనువాద ప్రాజెక్టులో పాలమూరు వైపు నుంచి వచ్చిన కుర్రాడు మెనూలోని కొన్ని పదాలను తన ఊరి వాడుకలో పెట్టాడు. రివ్యూ చేసినాయన "ఇదసలు తెలుగేనా" అని రాసి, కింద నవ్వే ఎమోజీ పెట్టాడు. ఇంకో ముగ్గురు ఆ ఎమోజీకి లైకులు కొట్టారు. తిట్టు లేదు, బూతు లేదు, ఏ ఇంగ్లిష్ నియమావళిలోనూ ఇది నేరుగా దొరకదు. ఆ కుర్రాడు మాత్రం ఆ తర్వాత ఒక్క స్ట్రింగ్ (అనువాద వాక్యం) కూడా పంపలేదు. ఏ పదం ఉంచాలన్నది శైలి పత్రం చూసుకుంటుంది. ఆ మాట అడిగిన తీరు మాత్రం నియమావళి చూసుకోవాల్సిన విషయం. రెండూ కలిపేస్తే ఎప్పటికీ తెగదు.

"ఆయన లేకపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది". మీ అసలు టెన్షన్ ఇదే, కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కంటే ముఖ్యమైన మనిషి ఏ ప్రాజెక్టులోనైనా ఉంటారా? లినక్స్ కెర్నల్‌లో (ఆ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కోడ్‌లో) 2015లో "కోడ్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్" అని ఒక చిన్న పత్రం ఉండేది. సారాంశం ఏమిటంటే, ఇక్కడ విమర్శ ఘాటుగానే ఉంటుంది, మరీ ఇబ్బందైతే ఫలానా వారికి చెప్పండి అని. 2018 సెప్టెంబరులో దాన్ని తీసేసి కాంట్రిబ్యూటర్ కావెనెంట్ పెట్టారు. సరిగ్గా అప్పుడే టోర్వాల్డ్స్ తన మెయిళ్లలోని దురుసుతనానికి బహిరంగంగా క్షమాపణ చెప్పి, కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నారు. 4.19 వెర్షన్ కెర్నల్‌ను మరో సీనియర్ డెవలపర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ విడుదల చేశారు. మేం రాసిన కోడ్ వెనక్కి తీసుకుంటామని బయట బెదిరింపులు కూడా వినిపించాయి. ఏమీ కాలేదు. నెల దాటగానే టోర్వాల్డ్స్ తిరిగొచ్చారు. కెర్నల్ ఇప్పటికీ నడుస్తూనే ఉంది, ఘాటైన రివ్యూలూ ఆగలేదు.

2024 నవంబరులో ఇంకొకటి జరిగింది. బీక్యాష్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ రాసిన కెంట్ ఓవర్‌స్ట్రీట్ మెయిలింగ్ లిస్టులో తోటి డెవలపర్‌ను బూతు మాట అన్నారు. అందరి ముందూ అన్నారు కాబట్టి అందరి ముందే క్షమాపణ చెప్పమని కెర్నల్ నియమావళి కమిటీ అడిగింది. చెప్పలేదు. కెర్నల్ 6.13 వెర్షన్ విడుదలకు ఆయన పంపే కోడ్‌ను తీసుకోకుండా ఆపేశారు. ఒక్క విడుదలకే, శాశ్వతంగా కాదు. అడిగింది ఏమిటో, చేయకపోతే ఏమవుతుందో, ఎన్నాళ్లో, మూడూ స్పష్టంగా ఉన్నాయి. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఆ మూడే.

2017లో గిట్‌హబ్ జరిపిన ఓపెన్ సోర్స్ సర్వేలో చెడు ప్రవర్తనను చూసినవాళ్లు, ఎదుర్కొన్నవాళ్లలో 21 శాతం మంది ఆ కారణంగా ఏదో ఒక ప్రాజెక్టుకు పనిచేయడం మానేశామన్నారు. మీ లెక్కలో ఆ సీనియర్ రాసిన కమిట్లు కనిపిస్తున్నాయి. వెళ్లిపోయిన ముగ్గురు రాయాల్సిన కమిట్లు ఏ గ్రాఫ్‌లోనూ కనిపించవు.

నేను చూసిన రెండు కేసులు చెబుతాను. మొదటిదాంట్లో సీనియర్ మారాడు. ఆయన కామెంట్ ఒకటి నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఇంజనీరింగ్ ఎలా పాసయ్యావు? ప్రతి పేజీకీ ఫైల్ తెరుస్తావా?" ఫోన్ చేసి ఈ రెండు వాక్యాలూ చదివి వినిపించాం. రెండో వాక్యం నూటికి నూరుపాళ్లు సరైన రివ్యూ. మొదటిది తీసేస్తే రెండోదానికి పోయేదేమైనా ఉందా అని అడిగాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ కామెంట్‌ను తనే మార్చాడు: "ఫైల్‌ను లూప్ బయట ఒక్కసారి తెరిస్తే చాలు, లేకపోతే పేజీకోసారి డిస్క్ దాకా వెళ్లాల్సి వస్తుంది." ఇదే మాట ముందే రాసుంటే ఆ కొత్తవాడికి లూప్ సంగతి కూడా అర్థమయ్యేది. విడుదల దగ్గరపడి ఒత్తిడి పెరిగినప్పుడల్లా పాత గొంతు మళ్లీ బయటికొచ్చేది. ఒకసారి రాతపూర్వకంగా హెచ్చరించాల్సి కూడా వచ్చింది. కానీ నిలబడ్డాడు.

రెండో కేసులో మనిషి మాట వినలేదు, వెళ్లిపోయాడు. కొంతకాలం రివ్యూలు గుట్టలా పేరుకుపోయాయి. అంతకుముందు నోరెత్తని ఇద్దరు మెల్లగా బాధ్యత తీసుకున్నారు. అయితే అతను ఒక్కడే చూసుకునే ఒక మాడ్యూల్ ఆ తర్వాత ఎవరికీ లొంగలేదు, చివరికి దాన్ని పక్కన పెట్టేశారు. నష్టమేమీ ఉండదని నేను చెప్పను. ఉంటుంది. అందుకే ఇప్పటినుంచే ఆయన ఒక్కరికే తెలిసిన భాగాలకు డాక్యుమెంటేషన్ రాయించుకోండి. ఇది గొడవకు సంబంధం లేకుండా ఎలాగూ చేయాల్సిన పనే.

ఫైల్‌ను ఆయన మీదకు ఆయుధంలా తేకండి. ఒక్క మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసిన నియమం అందరికీ ఇట్టే తెలిసిపోతుంది. ముందు మాట్లాడండి. మెయిల్‌లో వద్దు, ఫోన్‌లోనో ఎదురుగానో కూర్చుని మాట్లాడండి. మూడు నాలుగు కామెంట్లు లింకులతో సహా దగ్గర పెట్టుకోండి. "మీ ప్రవర్తన బాగోలేదు" అంటే వాదనకు దిగుతారు. "ఈ వాక్యం చదివిన వాళ్లు మళ్లీ రాలేదు" అంటే వాదించడానికి ఏమీ ఉండదు. వెళ్లిపోయినవాళ్లు ఫలానా మాట అన్నారని మాత్రం వాళ్ల అనుమతి లేకుండా చెప్పకండి. తర్వాత ముసాయిదాను ఇష్యూగా (రిపోలో చర్చాంశంగా) తెరిచి, ఒకటి రెండు వారాలు అందరి అభిప్రాయాలూ తీసుకోండి. ఆయన్నీ రాయమనండి. పాత మాటలకు కొత్త నియమంతో శిక్ష వేయొద్దు. ఫైల్ ఎక్కిన రోజు నుంచి లెక్క.

ఫిర్యాదు వచ్చాక చేయాల్సిన పనులు పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. రెండు రోజుల్లోపు "అందింది, చూస్తున్నాం" అని జవాబివ్వండి. ఫలితం ఇలా ఉంటుందని మాట ఇవ్వకండి. ఫిర్యాదు చేసినవారికి ఏం కావాలో అడగండి. చాలాసార్లు ఎవరినీ వెళ్లగొట్టమని అడగరు, ఆ మనిషి తన పుల్ రిక్వెస్టులు (చేర్చమని పంపిన కోడ్ మార్పులు) చూడకుండా ఉంటే చాలంటారు. టెలిగ్రామ్ మెసేజీలు మాయమవుతాయి కాబట్టి తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ అప్పుడే తీసి దాచండి. అవతలి మనిషి మాట తప్పకుండా వినండి, కానీ ఫిర్యాదు చేసిందెవరో చెప్పాల్సిన అవసరం లేకుండా విషయం మాట్లాడండి. చిన్న ప్రాజెక్టులో ఎవరో ఊహించడం తేలిక, అందుకే ఆ సంభాషణలోనే "దీనికి ప్రతీకారం తీర్చుకుంటే అది విడిగా ఇంకో ఉల్లంఘన" అని చెప్పేయండి.

శిక్షల విషయంలో కాంట్రిబ్యూటర్ కావెనెంట్ 2.1 నాలుగు మెట్లు ఇచ్చింది: దిద్దుబాటు, హెచ్చరిక, తాత్కాలిక నిషేధం, శాశ్వత నిషేధం. దిద్దుబాటు అనే మొదటి మెట్టు దాటకుండానే చాలా కేసులు ముగుస్తాయి. అలాగని ప్రతిసారీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలని లేదు. బెదిరింపులు, లైంగిక వేధింపుల్లాంటివి నేరుగా నాలుగోదానికి పోతాయి. అవి మీ ఇద్దరు మనుషుల చేతుల్లో తేలే విషయాలు కూడా కావు. బాధితురాలు కోరుకుంటే షీ టీమ్స్‌కో, సైబర్ క్రైమ్ పోర్టల్‌కో ఫిర్యాదు చేయడానికి సాయపడండి, మీ దగ్గరున్న ఆధారాలు ఇవ్వండి.

గిట్‌హబ్‌లో కామెంట్ డిలీట్ చేయకండి. "హైడ్" చేసి కారణం ఎంచుకోవచ్చు, చర్చను లాక్ చేయొచ్చు. గొడవ ముదిరితే ఇప్పటికే కోడ్ ఇచ్చినవాళ్లు తప్ప వేరెవరూ రాయకుండా 24 గంటల నుంచి ఆరు నెలల దాకా పరిమితి పెట్టొచ్చు. డిలీట్ చేస్తే ఏం దాచారన్న కొత్త గొడవ మొదలవుతుంది.

ఎక్కడిదాకా వర్తిస్తుందో రాయండి. మన ప్రాజెక్టుల్లో అసలు గొడవలు రిపోలో కంటే టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపుల్లోనే ఎక్కువ. మీటప్ అయ్యాక గ్రూప్ లిస్టులోంచి నంబరు తీసుకుని రాత్రి పదకొండుకు "హాయ్, పడుకున్నారా" అని పెట్టే మెసేజ్ మీ ప్రాజెక్టు పరిధిలోదా కాదా? నా దృష్టిలో పరిధిలోదే, ఆ నంబరు వచ్చింది ప్రాజెక్టు ద్వారానే కదా. ఫైల్‌లో ఆ మాట ఉండాలి. మరోవైపు, ఒకాయన సొంత ఫేస్‌బుక్‌లో ఏ పార్టీని పొగిడాడు, ఏ హీరోను తిట్టాడు అన్నవాటి జోలికి పోకండి. అక్కడిదాకా వెళ్తే కమిటీకి వేరే పని ఉండదు, పైగా మీ సీనియర్ "గోల" అన్నది నిజమైపోతుంది.

నిర్ణయాన్ని ఎంత బయటపెట్టాలన్నది కష్టమైన ప్రశ్న. 2024 ఆగస్టులో పైథాన్ ప్రోగ్రామింగ్ భాషను నడిపే స్టీరింగ్ కౌన్సిల్ ఒక కోర్ డెవలపర్‌ను మూడు నెలలు సస్పెండ్ చేసింది. ప్రకటనలో పేరు లేదు, కానీ అది టిమ్ పీటర్స్ అని త్వరగానే అందరికీ తెలిసిపోయింది. కారణాల జాబితాలో లైంగిక వేధింపుల వంటి విషయాన్ని తేలిగ్గా మాట్లాడారన్న ఆరోపణ పక్కనే, ఒక చర్చలో మరీ ఎక్కువ పోస్టులు రాశారన్నదీ ఉంది. బరువైనవీ తేలికైనవీ ఒకే గాటన కట్టడంతో అసలు విషయం వెనక్కిపోయి, జాబితా మీదే వాదన నడిచింది. శిక్ష సరైనదా కాదా అన్నది పక్కన పెట్టినా, రాసిన తీరు మాత్రం నాకు నచ్చలేదు. మీరు రాసేటప్పుడు ఒక్కటే, అన్నిటికంటే బలమైన కారణం రాయండి.

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రాజెక్టులో 2021 నవంబరులో జరిగింది ఇంకా పెద్దది. మోడరేషన్ బృందం మొత్తం ఒకేసారి రాజీనామా చేసింది. కోర్ టీమ్ తనకు తప్ప ఇంకెవరికీ జవాబుదారీ కాదని, దాంతో నియమాలను అమలుచేయలేకపోతున్నామని చెప్పింది. 2023లో కోర్ టీమ్ స్థానంలో లీడర్‌షిప్ కౌన్సిల్ వచ్చింది. అంతటి ప్రాజెక్టులోనే పైవాళ్లకు నియమం వర్తిస్తుందా అన్న ప్రశ్న దగ్గర బండి ఆగింది. ఆ పైవాళ్లలో మీరూ ఉన్నారు. మీ మీద ఫిర్యాదు వస్తే మీకు తెలియకుండానే విచారణ మొదలయ్యే ఏర్పాటు ఉందా?

ఇదంతా విని నియమావళి అంటే కొత్తవాళ్లను కాపాడేదే అనుకోకండి. మెయింటెయినర్లకూ అవసరమే. ఎక్స్‌జెడ్ (XZ) అనే కంప్రెషన్ లైబ్రరీని ఏళ్ల తరబడి దాదాపు ఒంటరిగా మోసిన లాస్సే కొలిన్‌ను 2022లో కొన్ని తెలియని పేర్లు మెయిళ్లలో సతాయించాయి, పని నెమ్మదిగా ఉందని, వేరేవాళ్లకు అప్పగించమని. మానసికంగా బాగోలేదని ఆయన చెప్పినా ఆగలేదు. ఆ ఒత్తిడి నడుస్తుండగా నమ్మకం సంపాదించిన జియా టాన్ అనే ఖాతా తర్వాత అందులో బ్యాక్‌డోర్ (దొంగదారి) పెట్టింది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ తవ్వబట్టి 2024 మార్చిలో బయటపడింది. "ఉచితంగా ఇస్తున్నారు కదా, త్వరగా చేయండి" అని అరిచే యూజర్‌ను ఆపడానికి మెయింటెయినర్ చేతిలో ఒక లింక్ ఉండాలి, వివరణ ఇచ్చుకోకుండా అతికించి ముందుకెళ్లడానికి.

ఒక జాగ్రత్త. తెలియనితనాన్ని ఉల్లంఘన కింద లెక్కేయకండి. 2024 మొదట్లో ఒక ట్యుటోరియల్ వీడియో చూసి మన దేశపు విద్యార్థులు ఎక్స్‌ప్రెస్ అనే వెబ్ ప్రాజెక్టు రిపోలో రీడ్‌మీ (పరిచయ) ఫైల్‌లో తమ పేర్లు చేర్చే పుల్ రిక్వెస్టులు కుప్పలుగా పంపారు. విసుగొస్తుంది, నిజమే. "సర్, ప్లీజ్ అసైన్ మీ" అని ఇరవై ఇష్యూల కింద రాసే పిల్లలు మీకూ తగులుతారు. వాళ్లకు కావాల్సింది మూసేసిన పుల్ రిక్వెస్టు, కింద కాంట్రిబ్యూటింగ్ గైడ్ లింకు. హెచ్చరిక కాదు.

చివరిగా మీరు అడిగినదాంట్లో మిగిలిన ముక్క: అన్నీ చేశాక కూడా ఆయన మారకపోతే? మర్జ్ హక్కు (కోడ్‌ను ప్రాజెక్టులో కలిపే అధికారం) తీసేయండి, కోడ్ పంపే హక్కు ఉంచండి. ఆయన పంపినవి ఇంకెవరైనా రివ్యూ చేస్తారు. దాంతోనే అలిగి ఫోర్క్ (అదే కోడ్‌తో వేరు కుంపటి) చేసుకుంటానంటే చేసుకోనివ్వండి, మీ లైసెన్స్ ఆ అవకాశం ఇస్తూనే ఉంది. 2017లో నోడ్ జేఎస్ అనే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులో ఒక సభ్యుణ్ని తొలగించాలన్న ప్రతిపాదన ఓటింగ్‌లో వీగిపోతే, అసంతృప్తితో కొందరు అయో జేఎస్ పేరుతో ఫోర్క్ చేసుకున్నారు. అది ఎక్కువకాలం నిలవలేదు, నోడ్ నిలిచింది. అయితే ఆ పరిస్థితి వచ్చేలోపు రిపో ఓనర్ హక్కులు, డొమైన్, ప్లే స్టోర్ ఖాతా ఎవరి పేరు మీద ఉన్నాయో ఈ రోజే చూసుకోండి. ఆయన ఒక్కరి పేరు మీదే ఉంటే, నియమావళి గురించి మాట్లాడే ముందు ఇంకొకరిని చేర్పించండి.